వెనక బెంచీ కాపలా

బడి కమిటీలో కాపలా మాట వచ్చేసరికి అందరి చూపులూ వెళ్ళి కాజాలక్క మీద వాలాయి. ఆమె అప్పుడు కూడా తల వంచుకుని ఒక చొక్కాకి కాజా కుడుతోంది. టైలరు పంపిన చొక్కాలకి కాజాలు కుట్టి గుండీలు పెట్టడం ఆమె పని. గుండీ దూరే కంత చుట్టూ దారంతో ఒత్తుగా అల్లకపోతే నాలుగు ఉతుకులకే పీచు లేస్తుంది. ఆమె చేతిలో పడ్డ చొక్కా చిరిగి మసిగుడ్డ అయిపోయినా కాజా మాత్రం నిక్షేపంగా ఉంటుంది. అందుకే అసలు పేరు అందరూ మర్చిపోయి ఆమెను కాజాలక్కను చేసేశారు.

“నువ్వే కూర్చోవాలి కాజాలక్కా,” అన్నాడు సిమెంటాయన. ఆయనకి సిమెంటు కొట్టుంది. కొట్టు వల్ల పలుకుబడీ, పలుకుబడి వల్ల కమిటీ అధ్యక్ష పదవీ ఉన్నాయి. “మాకెవరికీ తీరుబడి లేదు. నీదేమో సంచీలో పట్టే పని. ఇంట్లో కూర్చుని కుట్టేదేదో అక్కడ కూర్చుని కుట్టు. పనికి పని, కాపలాకి కాపలా.”

“బడికి కాపలా ఎందుకన్నయ్యా? ఆ బెంచీలు ఎవరెత్తుకుపోతారు?”

“బెంచీలకి కాదమ్మా, టీచరుకి.”

సంగతేమిటంటే, ఏడో తరగతికి కొత్త లెక్కల టీచరు వచ్చింది. ఆవిడ ట్రాన్స్‌జెండర్. పుట్టినప్పుడు మగపిల్లాడన్నారు, ఇప్పుడు ఆడమనిషి. ఎవరో ఆరా తీసి బయటపెట్టిన రహస్యం కాదిది. మొదటి రోజే ఒక పిల్లాడు లేచి “మీ గొంతు అలా ఉందేం టీచర్?” అని అడిగితే, ఆవిడే దాపరికం లేకుండా రెండు ముక్కల్లో చెప్పేసి, “ఇంకేమైనా సందేహాలున్నాయా? లేకపోతే లెక్కల్లోకి వెళ్దాం,” అందట. పిల్లలు ఆ పూటే లెక్కల్లో పడ్డారు. పెద్దవాళ్ళే ఇంకా ఆ రెండు ముక్కల దగ్గర ఆగిపోయారు.

“నాకేం అభ్యంతరం లేదు,” అన్నాడు సిమెంటాయన గుండె మీద చెయ్యేసుకుని. “నేనలాంటివి పట్టించుకునే మనిషినే కాదు. జనం ఏమనుకుంటారో అనే నా బాధంతా.”

ఆ జనం ఎవరో ఎవరికీ అంతు పట్టలేదు. గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమకేం అభ్యంతరం లేదనే అన్నారు, ఒక్క మందుల షాపతను తప్ప. అతనికి కాపలా మీదే అభ్యంతరం. “కాపలా పెట్టడం అవమానం. మనం సన్మానం చెయ్యాలి!” అని బల్ల గుద్దాడు. బడి గేటుకి టీచరుగారి నిలువెత్తు ఫోటోతో బ్యానరు కట్టాలట. ఖర్చంతా తనదేనట. కింద చిన్న అక్షరాలతో తన షాపు పేరు ఉంటే చాలట. ఫోటోకి ఆవిడ ఒప్పుకుందా అని కాజాలక్క అడిగితే, “ఒప్పుకోకపోవడానికేముందక్కా, మంచికేగా!” అన్నాడు. హెడ్మాస్టరు రిటైర్‌మెంటు దగ్గరపడిన మనిషి. అటు కాపలాకీ ఇటు బ్యానరుకీ కూడా “అదీ నిజమే” అంటూ తలాడించాడు.

చివరికి కాపలాయే ఖాయమైంది. కాజాలక్కను ఎంచుకోవడానికి సంచీ ఒక్కటే కారణం కాదు. ఆమె మొహమాటం లేని మనిషని వీధి వీధంతా నమ్ముతుంది. ఎవరి పిల్ల ఎలాంటిది, ఎవరి గోడ ఎవరి జాగాలోకి జరిగింది, ఇలాంటివన్నీ ఆమె చెబితేనే తెగుతాయి.

ఇంటికెళ్ళి సంగతి చెబితే అత్తగారు వింతగా చూసింది.

“ఆవిడ వేళకొస్తుందా?”

“వస్తుందట అత్తయ్యా.”

“మెలకువగా ఉంటుందా?”

“ఉంటుందట.”

“పాత మేష్టారు బల్ల మీద తల పెట్టి గురక పెడితే వీధి చివరికి వినపడేది. ఈ కమిటీకి మాత్రం వినపడలేదు. అప్పుడెవర్ని కూర్చోబెట్టారే కాపలాకి?” అని, జవాబు అక్కర్లేనట్టు అటు తిరిగి పడుకుంది.

కూతురు చిట్టి గోల వేరు. అది ఆ క్లాసులోనే చదువుతోంది. “నువ్వొస్తే రా కానీ, నేను తెలిసినట్టు మాత్రం చూడకు,” అని దారిపొడవునా తల్లికి పదడుగులు ముందు నడిచింది.

కాజాలక్క వెనక బెంచీలో, మోకాళ్ళు డెస్కు కింద పట్టక, పక్కకి తిరిగి కూర్చుని సంచీ తెరిచింది. టీచరు వచ్చింది. పొడుగు మనిషి. జుట్టు వెనక్కి బిగించి కట్టుకుంది. చేతిలో సుద్దముక్కల డబ్బా, తడిగుడ్డ. కాజాలక్క కళ్ళు అలవాటు కొద్దీ బట్టల మీదికి పోయాయి. బూడిదరంగు కోటు, దానికి రెండో గుండీ ఒక్క దారప్పోగు మీద వేలాడుతోంది. టీచరు బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తినప్పుడల్లా అది ఊగుతోంది. ఇక కాజాలక్కకు మనసు నిలవదు. కాపలా మాట దేవుడెరుగు, ఎప్పుడూడి పడుతుందా అని ఆ గుండీకేసే చూస్తూ కూర్చుంది.

“మీరు నన్ను చూడ్డానికొచ్చారటగా,” అంది టీచరు, మామూలుగా. గొంతు కాస్త బొంగురు. “అక్కడ వెలుతురు చాలదు. కిటికీ పక్కకి జరగండి. సూదిలో దారం ఎక్కించుకోవద్దూ?”

కాజాలక్క కిటికీ పక్కకి జరిగింది. కాపలా కాసేవాళ్ళకి ఇలా మర్యాద జరిగితే ఎలా ఉండాలో ఆమెకి తెలియలేదు.

ఆ రోజు లెక్క ఒక తల్లీకూతుళ్ళది. తల్లి వయసు కూతురి వయసుకి మూడు రెట్లు. పదేళ్ళ తర్వాత రెండు రెట్లే అవుతుంది. కూతురి వయసెంత? టీచరు కూతురి వయసుకి బదులు ఒక అక్షరం రాసింది. చిన్నప్పుడు అంకెల్లోకి అక్షరాలొచ్చిన రోజే ఆమె చదువు అటకెక్కింది. ఇక తల వంచుకుని కాజా కుట్టుకోవడమే మేలనుకుంది. కానీ నాలుగు కుట్లయినా పడకుండానే నోరు ఊరుకోలేదు.

“కూతురి వయసు తెలియకపోతే ఆవిడేం తల్లమ్మా?”

క్లాసంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది. చిట్టి మొహం రెండు చేతుల్లో దాచుకుంది.

టీచరు నవ్వలేదు. “తల్లికి తెలుసు. మనకే తెలియదు. ఆవిడ చెప్పింది ఈ రెండు ముక్కలే. ఈ రెంటితోనే పట్టుకోవాలి.”

“మిగతాది ఎందుకు చెప్పదట?”

“కొందరంతే. అడిగినదానికన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పరు.”

ఈ జవాబు కాజాలక్కకు నచ్చింది. అలాంటివాళ్ళు వాళ్ళ చుట్టాల్లోనే ముగ్గురున్నారు. సూది చొక్కాలోనే గుచ్చి వదిలేసి బోర్డుకేసి చూసింది. టీచరు ఒక వరస రాసి, దాని కింద ఇంకో వరస రాసింది. ఇటున్నది అటు పోయింది, అటున్నది తగ్గింది. ఇంక ఒక్క మెట్టుంది, అదిగో తేలిపోతుంది అనుకునేంతలో గంట కొట్టారు. టీచరు సుద్దముక్క కింద పెట్టేసింది.

“జవాబు టీచర్!” అని పిల్లలు మొత్తుకున్నారు.

“రేపు,” అని ఆవిడ తడిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

అది ఆవిడ పద్ధతి. గంట కొట్టేసరికి లెక్క ఎక్కడుంటే అక్కడే వదిలేస్తుంది. ఎంత బతిమాలినా ఆ ఒక్క మాట తప్ప ఇంకేమీ రాదు. పిల్లలకి అప్పుడే అలవాటైపోయింది. కాజాలక్కకు మాత్రం ఆ సాయంత్రం అన్నం సహించలేదు. వంటింట్లో, పెరట్లో, ఆఖరికి కాజా చుట్టూ దారం తిప్పుతున్నప్పుడు కూడా ఆ తల్లీకూతుళ్ళే. మర్నాడు కూతురి వయసు పదని తేలగానే, “చూశారా, నేనూ అదే అనుకున్నా!” అని చేతిలో సూది ఉందన్న సంగతి మర్చిపోయి బెంచీ మీద చరిచింది. వేలికి రక్తం వచ్చింది. నొప్పి తెలియలేదు.

ఆ మర్నాడు తొట్టి లెక్క మొదలైంది. కుళాయి తిప్పితే ఖాళీ తొట్టి మూడు గంటల్లో నిండుతుంది. నిండిన తొట్టి, అడుగున తూము తీస్తే ఆరు గంటల్లో ఖాళీ అవుతుంది. రెండూ ఒకేసారి తెరిచి ఉంచితే ఎప్పటికి నిండుతుంది? సగం కూడా కాకముందే గంట కొట్టారు.

కాజాలక్క ఇంటికొస్తూ దారిలో ఆ తొట్టిలోనే మునిగి ఉండగా, సిమెంటాయన కొట్టు ముందు నుంచి కేకేశాడు.

“ఏం కాజాలక్కా, చూశావుగా, ఏమంటావు? ఫర్వాలేదంటే చెప్పు. రేపట్నుంచి నువ్వు వెళ్ళక్కర్లేదు. పాపం నీకూ ఇబ్బందేగా.”

కాజాలక్క నోరు తెరిచింది. చెప్పడానికి మాటలు సిద్ధంగానే ఉన్నాయి. ఆవిడ వేళకొస్తోంది, పాఠం బాగా చెబుతోంది, పిల్లలు చెవులప్పగించి వింటున్నారు, ఇంకేం కావాలి? కానీ ఆ “రేపట్నుంచి వెళ్ళక్కర్లేదు” అన్న మాట దగ్గర ఆగిపోయింది. తొట్టి ఇంకా సగమే నిండింది. ఎవరడిగినా ఠకీమని ఉన్నమాట అనే మనిషి, జీవితంలో మొదటిసారి నీళ్ళు నమిలింది.

“అంటే... అప్పుడే చెప్పలేం అన్నయ్యా. ఇంకొన్నాళ్ళు చూడాలి.”

ఇంటికి రాగానే పెరట్లో చిల్లుపడ్డ బకెట్టు కుళాయి కింద పెట్టి, నడుమ్మీద చేతులేసుకుని నిలబడింది. అది నిండనూ లేదు, ఖాళీ కానూ లేదు. పెరడంతా బురదైంది.

“ఏమిటే ఈ వ్యవహారం?” అంది అత్తగారు.

చెప్పింది. అత్తగారు ఓపిగ్గా అంతా విని, “ముందా తూము మూసి చావమను,” అని తీర్పు చెప్పింది.

ఆ “ఇంకొన్నాళ్ళు చూడాలి” మాత్రం కాజాలక్క కన్నా ముందే వీధిలోకి వెళ్ళిపోయింది. కాజాలక్క అంతటి మనిషే చెప్పలేకపోతోందంటే ఏదో ఉండే ఉంటుందన్నారు పాలబూతు దగ్గర. ఏదో ఉందని కాజాలక్కే అందన్నారు మంగలి షాపులో. ఆ ఏదో ఏమిటో బయటికి చెప్పలేక ఆమె తల్లడిల్లిపోతోందన్నాడు ఒకాయన. పొద్దున టైలరు చొక్కాల సంచీ ఇస్తూ గొంతు తగ్గించి, “అంత ఘోరమాండీ?” అని అడిగేదాకా కాజాలక్కకు ఇదేమీ తెలియదు.

ఆ రోజు క్లాసులో సగం బెంచీలు బోసిగా ఉన్నాయి. సిమెంటాయన కొడుకూ రాలేదు. టీచరు ఉన్నవాళ్ళకి పాత లెక్కలు ఇచ్చి, “తొట్టి లెక్క అందరూ వచ్చాకే,” అంది. గంట కొట్టాక పిల్లలు వెళ్ళిపోయారు. టీచరు బోర్డు తుడుస్తోంది. గుండీ ఊగుతోంది. కాజాలక్క లేవలేక అలాగే కూర్చుంది.

“శనివారం కమిటీ వాళ్ళు రమ్మన్నారు,” అంది టీచరు, వెనక్కి తిరగకుండానే. “నన్ను ఇంకెక్కడికైనా పంపించమని హెడ్మాస్టరు చేత రాయిస్తారట.”

“ఇలా మీకు ముందు కూడా...?”

“ఇది మూడో బడి. మొదటిచోట అందరూ మంచివాళ్ళే. ఎవరొచ్చినా నన్ను స్టేజీ ఎక్కించి చూపించేవాళ్ళు. ఏడాదంతా సన్మానాలతోనే సరిపోయింది, పుస్తకం సగం కూడా కాలేదు. రెండోచోట మీలాగే ఒకాయన్ని కాపలా కూర్చోబెట్టారు. ఆయన వచ్చిన పది నిమిషాలకే నిద్రపోయేవాడు. మీరే నయం.” ఆవిడ తడిగుడ్డ పిండి కిటికీ ఊచకి ఆరేసింది. “ఒక్క బళ్ళోనైనా పుస్తకం చివరి పేజీ దాకా చెప్పాలని ఉందండీ. అంతకన్నా ఏమీ లేదు.”

ఆవిడ ఏడవలేదు, నిష్ఠూరమాడలేదు. ఆ రెండిట్లో ఏ ఒక్కటి చేసినా కాజాలక్కకు ఇంత కష్టంగా ఉండేది కాదు. చేసిందంతా తన నోరేనని చెప్పబోయింది. చెప్పడానికి సిగ్గేసింది. తన తొట్టి నిండాలని ఇంకొకరి కొంప ముంచానని అనుకుంటూ ఇంటికెళ్ళి, ఆ సాయంత్రం ఒక చొక్కాకి కాజాలన్నీ వెనకవైపు కుట్టింది. అత్తగారు చూసి, “ఈ చొక్కా తొడుక్కునేవాడు వెనక్కి నడుస్తాడా?” అంది.

శనివారం ఏడో తరగతి గదిలోనే సమావేశం. పెద్దవాళ్ళంతా పిల్లల బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్నారు. టీచరు తలుపు పక్కన నిలబడింది. మందుల షాపతను బ్యానరు అచ్చు వేయించి చుట్టచుట్టి తెచ్చుకున్నాడు, ఎటుపోయి ఎటొస్తుందో అని. అత్తగారు కూడా వచ్చింది. ఎందుకంటే, కమిటీ వాళ్ళు మేల్కొని ఉండగా చూడాలని ఉందంది.

“నాకేం అభ్యంతరం లేదు,” అని మొదలుపెట్టాడు సిమెంటాయన. “కానీ కాజాలక్క మాట ఉంది కదా. ఆమె మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి చెప్పే మనిషి కాదు. ఇన్నాళ్ళు కళ్ళారా చూసి కూడా ఫర్వాలేదు అనలేకపోయిందంటే...”

“అదీ నిజమే,” అన్నాడు హెడ్మాస్టరు.

“నిజం కాదు,” అంటూ కాజాలక్క లేచింది. లేవడంలో మోకాలు డెస్కుకి కొట్టుకుంది. “నేనామాట అన్నది టీచరుగారిలో ఏదో చూసి కాదు, తొట్టి కోసం.”

“ఏ తొట్టి?”

“లెక్కలో తొట్టి. కుళాయీ తూమూ రెండూ తెరిచేశారు. అది ఎప్పటికి నిండుతుందో చెప్పేలోగా గంట కొట్టారు. మీరేమో ఫర్వాలేదంటే రేపట్నుంచి రానక్కర్లేదన్నారు. జవాబు తెలియకుండా ఎలా పోను? అందుకని చూడాలి అనేశాను. నాకు చిన్నప్పుడు లెక్కలు రాలేదు అన్నయ్యా. ఇప్పుడొస్తున్నాయి. అంతే సంగతి. ఆవిడ దగ్గర చూడాల్సిందేమీ లేదు. తప్పంతా నాది.”

మూల నుంచి ఒక నవ్వు లేచింది, అది బెంచీ బెంచీకీ పాకింది. కాజాలక్క చెవులు ఎర్రబడ్డాయి. చీమ కుట్టినా సలహాకి తన దగ్గరికొచ్చే జనం తనని చూసి నవ్వుతుంటే భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. కానీ కూర్చోలేదు.

సిమెంటాయనకి ఉక్రోషం వచ్చింది. “అయితే ఆవిడలో వంక పెట్టడానికి ఒక్కటీ లేదంటావు?”

“ఒకటుంది.”

నవ్వులు ఆగిపోయాయి. అందరూ బెంచీల మీద ముందుకి వంగారు. మందుల షాపతను బ్యానరు గట్టిగా పట్టుకున్నాడు.

“ఆ కోటుకి రెండో గుండీ వేలాడుతోంది. వచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను, నా ప్రాణం తోడేస్తోంది.”

ఈసారి టీచరు కూడా నవ్వింది. ఆవిడ నవ్వగా ఎవరైనా చూడటం అదే మొదలు. సిమెంటాయన బల్ల మీద చరిచి గోల ఆపాడు.

“ఈ కాపలా చెల్లదు. కాపలాకి పంపిన మనిషే పాఠం వింటూ కూర్చుంటే ఎట్లా? ఇంకొకళ్ళని పెడదాం. నమ్మకమైనవాళ్ళని.”

“పెట్టండి,” అంది టీచరు. “ఎవరైనా రావచ్చు, ఎన్నాళ్ళైనా కూర్చోవచ్చు. ఒక్కటే నియమం. నా క్లాసులో ఊరికే కూర్చోవడం కుదరదు. పిల్లలు ‘మరి వాళ్ళు లెక్క చెయ్యక్కర్లేదా?’ అని అడుగుతున్నారు. కూర్చున్నవాళ్ళు లెక్క చెయ్యాలి. పిలిచినప్పుడు బోర్డు దగ్గరికి రావాలి.”

అధ్యక్షుడు గదంతా కలయజూశాడు.

“సరే, ఎవరొస్తారు?” అన్నాడు సిమెంటాయన.

పాలబూతు ఆయన పైకప్పుకేసి చూశాడు. మంగలి తన చేతివేళ్ళ గోళ్ళు పరీక్షించుకున్నాడు. మందుల షాపతను బ్యానరు విప్పి, మళ్ళీ చుట్టాడు. ఇన్నాళ్ళూ పిల్లలేమైపోతారో అని కుమిలిపోయిన ఒక తండ్రికి హఠాత్తుగా ఇంటి దగ్గర పనేదో గుర్తొచ్చింది. చల్లగా జారుకున్నాడు. టీచరు సుద్దముక్క తీసి అలవాటుగా చేతిలో తిప్పుతుంటే, ముందు బెంచీలో ఉన్న ఇద్దరు వెనక్కి జరిగారు. ఒకప్పుడు అదే గదిలో తలవంచుకు కూర్చున్నవాళ్ళే వాళ్ళంతా.

“మీరే కూర్చోండి అధ్యక్షా,” అన్నారెవరో.

“నాకా... అభ్యంతరం లేదు,” అన్నాడు సిమెంటాయన. చెంపల మీద చెమట పట్టింది. “కానీ సోమవారం లోడు వస్తోంది.”

“మంగళవారం?” అంది అత్తగారు వెనక నుంచి.

“మంగళవారం కూడా లోడే.”

“అన్నీ లోడులే,” అంది అత్తగారు.

“అసలు కాపలా అంత అవసరమంటారా?” అన్నాడు హెడ్మాస్టరు. ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ ఆయన నోట సొంతంగా వచ్చిన మాట అదే కాబోలు, తనే ఉలిక్కిపడ్డాడు. అదీ నిజమే అన్నారు అందరూ.

అలా కాపలా ఎత్తేశారు. బదిలీ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే కాపలా మాట వస్తుంది, కాపలా మాట వస్తే బోర్డు మాట వస్తుంది. అందరూ లేచి బెంచీల్లోంచి కాళ్ళు లాక్కుంటున్నారు. కాజాలక్కకు మనసు తేలికపడింది. అంతలోనే, ఇక తనకీ సోమవారం నుంచి ఇక్కడ పనిలేదని తోచింది. సంచీ సర్దుకుని రెండడుగులు వేసి ఆగింది. తర్వాత, చిట్టి వయసులో ఎప్పుడూ చెయ్యని పని, చెయ్యి పైకెత్తింది.

“టీచర్. నేను లెక్కలు చేస్తాను. బోర్డు దగ్గరికి కూడా వస్తాను. కూర్చోవచ్చా?”

సోమవారం బెంచీలు చాలావరకు నిండాయి. సిమెంటాయన కొడుకూ వచ్చాడు, తండ్రికి చెప్పకుండానే వచ్చాడని పిల్లలన్నారు. ఒక పిల్లని మాత్రం ఇంకో బడిలో చేర్చేశారు, ఆ జాగా ఖాళీగా ఉంది. టీచరు హాజరు పిలుస్తూ ఆ పిల్ల దగ్గర కాసేపు ఆగి, తర్వాతి పిల్లని పిలిచింది. కోటుకి రెండో గుండీ గట్టిగా ఉంది కానీ, బూడిదరంగు మీద నల్లదారంతో, అదీ అడ్డదిడ్డంగా కుట్టి ఉంది. కాజాలక్క పళ్ళు కరుచుకుని ఊరుకుంది.

“తొట్టి,” అంది టీచరు. “వెనక బెంచీ, రండి.”

చిట్టి “అమ్మా వద్దే” అన్నట్టు చూసింది, తెలిసినట్టు చూడొద్దన్న సంగతి తనే మర్చిపోయి. కాజాలక్క బెంచీల మధ్య నుంచి నడిచింది. సూది తప్ప ఇంకోటి ఎరగని వేళ్ళలో సుద్దముక్క జారిపోతోంది. కుళాయికి మూడు. తూముకి ఆరు. ఆరులోంచి మూడు తీసింది. బోర్డు మీద పెద్ద అంకె వేసింది. మూడు. వెనక్కి జరిగి, కాజా కుట్టి దూరం నుంచి చూసుకున్నట్టు చూసుకుంది.

“తూము మూసి ఉన్నా మూడే కదా,” అంది టీచరు. “మరి తూములోంచి పోయిన నీళ్ళేమైనట్టు?”

కాజాలక్క ఆలోచించింది. అవును, ఏమైనట్టు? పెరట్లో బురద కళ్ళ ముందు కనపడింది. “తప్పేనా?”

“తప్పే.”

గంట కొట్టారు. పిల్లలు జవాబు జవాబని అరుస్తున్నారు. కాజాలక్క వాళ్ళందరికన్నా గట్టిగా, “ఆ ఒక్కటి చెప్పండి టీచర్, మీకు పుణ్యముంటుంది!” అంది.

టీచరు సుద్దముక్క కింద పెట్టేసింది. తడిగుడ్డతో చేతులు తుడుచుకుంది. తలుపు దాకా వెళ్ళి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగి చూసింది.

“రేపు,” అంది.